అర్పా ఒడ్డు, రైలు కట్ట: బిలాస్‌పూర్ సింహావలోకనం

విశాఖపట్నం నుంచి కోర్బా పోయే బండిలోనో, తిరుపతి నుంచి వచ్చే బండిలోనో బిలాస్‌పూర్‌లో దిగిన తెలుగువాళ్లకు లెక్కలేదు. అలా దిగినవాళ్లలో ఎక్కువమందికి ఊరంటే స్టేషనే. ఎనిమిది వందల మీటర్ల పొడుగున్న ప్లాట్‌ఫారం, ఎడతెగని బొగ్గు వ్యాగన్లు, రైల్వే కాలనీలో చుట్టాల క్వార్టరు, బుధవారీ బజారులో కూరగాయలు, మళ్లీ తిరుగు బండి. అసలు ఊరు అక్కణ్ణుంచి పడమరగా, అర్పా నది పక్కన ఉంది. తార్‌బాహర్ దాటి, గోల్ బజార్ మీదుగా సదర్ బజార్‌లోకి వచ్చేదాకా బిలాస్‌పూర్ చూసినట్టు కాదు.

ఇక్కడ రెండు ఊళ్లున్నాయి. ఒకటి నది కట్టింది, ఇంకొకటి రైలు కట్టింది. నది ఊరి చరిత్ర రాసేవాళ్లు రత్నపుర రాజుల దగ్గర మొదలుపెట్టి మరాఠాలతో ముగిస్తారు. రైలు ఊరి చరిత్ర రాసేవాళ్లు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో మొదలుపెట్టి జోనల్ కార్యాలయంతో ఆపేస్తారు. మధ్యలో మనవాళ్ల ప్రస్తావన వస్తే ఒక్క ముక్కతో సరి: ‘రైల్వే ఉద్యోగాల కోసం ఆంధ్ర నుంచి వచ్చినవారు.’ ఆ ముక్క నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. నాలుగైదు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని, అర్పా ఒడ్డునే కాలిపోయినవాళ్లను ఇంకా ‘వచ్చినవారు’ అనడం న్యాయమా? ఈ ఊరి వారసత్వంలో తెలుగువాళ్లది చుట్టపుచూపు వాటా కాదు. ఊరి మొత్తం కథ చెబితేగాని ఆ సంగతి తేలదు.

బిలాస్‌పూర్‌కు పేరిచ్చింది చేపలు పట్టుకునే కేవట్ కులపు స్త్రీ, బిలాసా. అర్పా ఒడ్డున నాలుగు గుడిసెలు వేసుకున్న జాలరుల పల్లె ఆమె పేరుతో నిలిచిందని ఐతిహ్యం. ఆమెది పదిహేడో శతాబ్దమని గెజిటీర్లు రాశాయి. దేవార్ గాయకులు ఆమె శౌర్యాన్ని పాటలు కట్టి పాడుకుంటూ వచ్చారు. రాజుల పేర్లతో, దేవుళ్ల పేర్లతో వెలసిన పట్నాలు దేశమంతా ఉన్నాయి. ఒక జాలరి స్త్రీ పేరు పెట్టుకుని, ఆ పేరునే జిల్లాకూ, కాలేజీకీ, 2021లో తెరిచిన విమానాశ్రయానికీ ఇచ్చిన ఊరు నాకు తెలిసి మరొకటి లేదు. పాత బిలాస్‌పూర్‌ను ఇప్పటికీ ‘జూనా బిలాస్‌పూర్’ అంటారు. నది వైపు దిగే ఆ ఇరుకు సందుల్లోనే ఊరి మొదటి రోజులు ఉన్నాయి.

అప్పట్లో రాజధాని ఇది కాదు. ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రత్నపురం. పదకొండో శతాబ్దంలో కలచురి రాజు మొదటి రత్నదేవుడు దాన్ని రాజధాని చేసుకున్నాడు. అక్కడి మహామాయ గుడికి నవరాత్రుల్లో ఇప్పటికీ బిలాస్‌పూర్ నుంచి రాత్రంతా కాలినడకన పోతారు. ఆ రత్నపురంలో దొరికిన 1114 నాటి శిలాశాసనం ఒకటుంది. అందులో మొదటి జాజల్లదేవుడు తనకు ఏటేటా కప్పం కట్టే మండలాధిపతుల పట్టీ చెక్కించాడు. ఆ పట్టీలో దక్షిణ కోసలం పక్కన ఆంధ్ర, ఖిమిడి పేర్లు కనిపిస్తాయి. ఖిమిడి అంటే మన పర్లాకిమిడి ప్రాంతమే. రాజులు శాసనాల్లో చెప్పుకునేవాటిలో గొప్పలెన్నో కలిసే ఉంటాయి కాబట్టి కప్పం నిజంగా ఎంత ముట్టిందో అనుమానించవచ్చు. కానీ మహానది పైపరీవాహకానికీ ఉత్తర కోస్తాకూ మధ్య రాకపోకలున్నాయన్న సంగతిని అనుమానించనక్కర్లేదు. అడవిదారిన ఉప్పూ, బియ్యమూ, మనుషులూ కదిలారు. ఎనిమిది వందల ఏళ్ల తరవాత అదే కిమిడి ప్రాంతం నుంచి మనుషులు పలుగూ పారా పట్టుకుని రైలు కట్ట మీద పనికి వచ్చారు.

ఇంకా వెనక్కి పోతే మనియారీ నది ఒడ్డున తాలా ఉంది. బిలాస్‌పూర్ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. దేవరానీ జేఠానీ గుళ్లంటారు, అంటే తోడికోడళ్ల గుళ్లు. 1980ల చివర అక్కడ తవ్వకాల్లో బయటపడిన రుద్రశివుడి విగ్రహం లాంటిది దేశంలో మరెక్కడా లేదు. నిలువెత్తు మనిషిని మించిన ఆ రాతిమూర్తి దగ్గర నిలబడి ఒక్కొక్క అంగమే చూడాలి. ముక్కు బల్లి. ఆ బల్లి కాళ్లే కనుబొమలు. మీసాలు చేపలు. గడ్డం ఎండ్రకాయ. చెవులు నెమళ్లు. భుజాలు మొసలి నోళ్లలోంచి పుట్టుకొస్తాయి. తలపాగా పాముల చుట్ట. పొట్ట మీద ఒక పెద్ద మొహం, తొడల మీద మనుషుల మొహాలు, మోకాళ్ల మీద సింహాల మొహాలు. క్రీస్తుశకం ఐదు–ఆరు శతాబ్దాల నాటి పని ఇది. చెరువులో, పొలంలో, పొదలో బతికే జీవాలన్నిటినీ పోగుచేసి దేవుణ్ణి కట్టిన ఆ శిల్పి ఈ నేలను ఎంత దగ్గరగా చూసి ఉంటాడు! ఛత్తీస్‌గఢ్ పల్లె గోడల మీద ఇప్పటికీ వేసే బొమ్మల్లో ఆ చూపే ఉంది.

మధ్యకాలం గురించి ఎక్కువ చెప్పను. 1741లో మరాఠా సేనాని భాస్కర్ పంత్ రత్నపురాన్ని పట్టుకున్నాడు. తరవాత బింబాజీ భోంస్లే చాలా ఏళ్లు అక్కడే ఉండి ఏలాడు. బిలాస్‌పూర్‌లో 1770 ప్రాంతంలో ఒక మరాఠా అధికారి కాపురం పెట్టి నది ఒడ్డున కోట కట్టడం మొదలుపెట్టాడు. అది పూర్తికాలేదు. 1854లో నాగ్‌పూర్ రాజ్యం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1861లో బిలాస్‌పూర్ జిల్లా అయింది. 1867లో మునిసిపాలిటీ వచ్చింది. కచేరీ, ఖజానా, జైలు, బడి అన్నీ కొత్త జిల్లా కేంద్రానికి చేరడంతో రత్నపురం వెలవెలబోయింది. గోల్ బజారూ సదర్ బజారూ నిండసాగాయి. మార్వాడీలు, గుజరాతీలు, మరాఠీ కుటుంబాలు, బెంగాలీ వకీళ్లు వచ్చారు. అయినా 1901 జనాభా లెక్కల నాటికి ఊరు మొత్తం పంతొమ్మిది వేలకు చేరలేదు. 2011కి నగరపాలక సంస్థ పరిధిలోనే మూడు లక్షల ముప్పై వేలు దాటింది. ఈ పెరుగుదలకు మూలం రైలు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. అప్పటికి నాగ్‌పూర్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ దాకా ప్రభుత్వం వేసిన సన్న పట్టాల మీటర్ గేజ్ లైను ఉంది. కంపెనీ దాన్ని తీసుకుని బ్రాడ్ గేజ్ చేసి, బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పొడిగించింది. 1891 నాటికి ఆ దారంతా సరుకు బళ్లు తిరిగాయి. అదే కాలంలో బిలాస్‌పూర్ నుంచి పేండ్రా అడవుల గుండా కట్నీకి ఇంకో లైను పడింది. అంతే, రెండు దారుల కూడలిలో ఊరు జంక్షన్ అయింది. 1900 నాటికి ఖరగ్‌పూర్ మీదుగా హావ్‌డాకు సూటి దారి ఏర్పడి బొంబాయి–కలకత్తా మెయిలు ఇటే పరుగెత్తింది.

మనవాళ్లు ఎలా వచ్చారన్నది ఇక్కడ తెలుస్తుంది. ఈస్ట్ కోస్ట్ లైనులో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న ఉత్తర భాగం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు ఆ కంపెనీ ఇంటి ముంగిట్లోకి వచ్చినట్టయింది. జమీందారీ శిస్తులు, వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, పిల్లలెక్కువ భూమి తక్కువ. అప్పటిదాకా ఆ జిల్లాల వాళ్లు ఓడెక్కి రంగూన్ పోయేవారు. ఇప్పుడు బండెక్కి ఖరగ్‌పూర్ పోవడం మొదలైంది. ఖరగ్‌పూర్ నుంచి చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్. కంపెనీ పట్టాలు ఎంతదూరం పోతే తెలుగు అంతదూరం పోయింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఛత్తీస్‌గఢ్‌కు తూర్పు కనుమల గుండా దగ్గరి దారి దొరికింది. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం ఊళ్ల పేర్లు బిలాస్‌పూర్ క్వార్టర్లలో ఇంటిపేర్లంత మామూలు.

ఆ తొలి తరం చేసిన పనులు చెప్పుకోవాలి. గ్యాంగ్‌మన్ తన బీటు పొడవునా రోజూ నడిచి, సడలిన బందులు బిగించి, కంకర ఎగదోసేవాడు. పాయింట్స్‌మన్ అర్ధరాత్రి వానలో చేతిదీపం పట్టుకుని పట్టాలు మార్చేవాడు. లోకో షెడ్డులో కలాసీగా చేరినవాడు ఇంజను బూడిద దులిపి, క్లీనరై, ఆ తరవాత ఫైర్‌మన్ అయ్యేవాడు. ఫైర్‌మన్ బతుకు ఊహించుకోవాలంటే మే నెల బిలాస్‌పూర్ ఎండను తలుచుకోవాలి. నీడలోనే నలభై నాలుగు డిగ్రీలు. దాని మీద ఎదురుగా తెరిచిన పొయ్యి. బండి కదులుతుంటే నిలదొక్కుకుని, పారతో బొగ్గెత్తి, పొయ్యిలో ఏ మూల మంట తగ్గిందో చూసి అక్కడే పడేలా విసరాలి. ఊరికే కుమ్మరిస్తే పొగ ఎక్కువవుతుంది, ఆవిరి తగ్గుతుంది, డ్రైవరు తిడతాడు. కంపెనీ కాలంలో మెయిలు డ్రైవర్లు దాదాపుగా తెల్లవాళ్లూ ఆంగ్లో ఇండియన్లూ. వాళ్ల బంగళాలు చెట్లనీడన విశాలంగా ఉండేవి. మనవాళ్లకు వరసగా కట్టిన గదుల లైన్లు. ‘బారా ఖోలీ’ అని ఇప్పటికీ పిలిచే చోటు ఆ గదుల వరసల జ్ఞాపకమే. ఉద్యోగంలో మెట్లెంత కఠినంగా ఉండేవో కాలనీ పటం చూస్తే చాలు.

ఆ మెట్లను కదిలించినవాళ్లలో పెద్దపేరు తెలుగువాడిదే. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టారు. 1927 ఖరగ్‌పూర్ సమ్మె ఆ లైనంతటా వినిపించింది. తరవాత ఆయన రాష్ట్రపతి కావడం అందరికీ తెలుసు. రైలు కాలనీల్లో మాత్రం సంఘం పెట్టిన మనిషిగానే ఆయన్ను తలిచేవారు. 1974 మేలో దేశమంతా జరిగిన రైల్వే సమ్మె నాటికి ఈ సంఘ సంప్రదాయానికి దాదాపు అర్ధ శతాబ్దపు అనుభవం ఉంది.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. ఏ పట్టాల మీద తెలుగువాళ్లు బిలాస్‌పూర్ వచ్చారో, ఆ పట్టాల మీదే బిలాస్‌పూర్ జిల్లా పేదలు ఊరు విడిచిపోయారు. 1896–97లోనూ, 1899–1900లోనూ వరసగా కరువులు పడ్డాయి. పొలాలు బీటలు వారాయి. వేలమంది అస్సాం తేయాకు తోటలకు కూలీలుగా తరలారు. వాళ్ల మనవలు ఇప్పటికీ అక్కడ ఛత్తీస్‌గఢీ మాట్లాడుకుంటున్నారు. ఇక్కడి క్వార్టర్లలో తెలుగు, అక్కడి తోటల్లో ఛత్తీస్‌గఢీ. ఒకే కాలపు కష్టం ఇద్దరినీ బండెక్కించింది.

తెలుగువాళ్లంతా రైలు కాలనీలోనే ఉండిపోయారనే వాళ్లకు జవాబుగా ఒక్క పేరు చాలు: బారిస్టర్ ఇ. రాఘవేంద్రరావు. బిలాస్‌పూర్‌కు ఆయన చేసిన సేవ గురించి తెలుగునాట మాట్లాడుకునేది చాలా తక్కువ. ఆయన 1889లో నాగ్‌పూర్ దగ్గరి కామఠీలో పుట్టారు. కామఠీ మద్రాసు సైన్యం విడిసిన దండుప్రదేశం. ఆ సైన్యం వెనకే తెలుగు, తమిళ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. తండ్రి నాగన్న వ్యాపారస్థుడు. కుటుంబం బిలాస్‌పూర్ చేరింది. కొడుకు లండన్ వెళ్లి బారిస్టరై వచ్చి ఇక్కడే ప్రాక్టీసు పెట్టాడు. 1916 నుంచి సుమారు పదేళ్లు బిలాస్‌పూర్ మునిసిపాలిటీకి ఆయనే అధ్యక్షుడు. సదర్ బజార్ వీధులు, దీపాలు, బడులు ఆయన బల్ల మీది కాగితాల్లో నడిచిన రోజులవి.

అక్కడితో ఆగలేదు. స్వరాజ్య పార్టీలో పేరు తెచ్చుకుని, ఆ తరవాత పదవులు స్వీకరించాలన్న పక్షం వైపు మళ్లారు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో మంత్రి అయ్యారు, 1930 నుంచి హోం మెంబరయ్యారు. 1936లో కొన్ని నెలలు ఆ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. ఒక ఇంగ్లీషు గవర్నరు కుర్చీలో ఒక తెలుగువాడు కూర్చున్న అరుదైన సందర్భం అది. 1937లో కాంగ్రెస్ వాళ్లు మొదట మంత్రివర్గం ఏర్పాటు చేయబోమన్నప్పుడు ఏప్రిల్ నుంచి జులై దాకా ఆ రాష్ట్ర ప్రధానమంత్రి హోదాలో ప్రభుత్వం నడిపారు. తరవాత లండన్‌లో భారత వ్యవహారాల మంత్రికి సలహాదారు. చివరకు వైస్రాయ్ కార్యవర్గంలో పౌరరక్షణ శాఖ చూస్తూ 1942 జూన్‌లో ఢిల్లీలో కన్నుమూశారు.

జాతీయోద్యమ చరిత్ర రాసినవాళ్లు ఆయన్ను చల్లగా పక్కకు నెట్టారు. దేశం జైళ్లు నింపుతుండగా ఈయన దొరల ప్రభుత్వంలో పదవులు చేశాడన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజముంది. దాన్ని కప్పిపెట్టడం ఆయనకు గౌరవం కాదు. కానీ సభల్లో, శాసనమండలిలో, పురపాలకంలో పాలన నేర్చుకోవడం కూడా స్వరాజ్యానికి సిద్ధపడటమేనని నమ్మిన తరం ఒకటుంది. ఆయన ఆ తరం మనిషి. ఊళ్లో ఆయన పేరిట రాఘవేంద్రరావు సభాభవనం ఉంది. కవి సమ్మేళనాలూ, సంగీత సభలూ అక్కడ జరుగుతాయి. పేరులోని మనిషి తెలుగువాడని అక్కడ కూర్చున్న తెలుగు కుర్రాళ్లకే చాలామందికి తెలియదు.

ఆ ఎదుటి పక్షం కూడా ఈ ఊళ్లోనే నిలిచింది. 1921లో హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది బిలాస్‌పూర్‌లో చేసిన ఉపన్యాసానికి రాజద్రోహం కింద శిక్షపడి ఇక్కడి జైల్లోనే గడిపారు. హిందీ చదివిన ప్రతి పిల్లవాడికీ వచ్చే ‘పుష్ప్ కీ అభిలాషా’ కవిత ఆ గోడల మధ్యే రాశారు. 1933 నవంబరు 25న హరిజన యాత్రలో గాంధీజీ వచ్చారు. శనిచరీ మైదానంలో సభ జరిగింది. సభ ముగిశాక ఆయన కూర్చున్న వేదిక మట్టిని జనం పిడికెళ్లతో ఇళ్లకు పట్టుకుపోయారని ఊరి పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

సాహిత్యంలో బిలాస్‌పూర్ స్టేషన్‌కు దక్కిన చోటు చిన్నది కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో ప్రచురించిన ‘పలాతక’లో ‘ఫాంకీ’ అనే కథాకావ్యం ఉంది. జబ్బుపడిన భార్య బీనూను గాలిమార్పుకు తీసుకుపోతూ భర్త బిలాస్‌పూర్‌లో బండి మారడానికి గంటల తరబడి ఆగుతాడు. స్టేషన్ కూలీ భార్య రుక్మిణి తన కూతురి పెళ్లికి నగలు కొనడానికి పాతిక రూపాయలు కావాలని బీనూతో చెప్పుకుంటుంది. ఇచ్చిరమ్మని బీనూ భర్తను పంపుతుంది. అతను రుక్మిణిని గద్దించి రెండు రూపాయలు చేతిలో పెట్టి, భార్యకు మాత్రం పాతికా ఇచ్చానని చెబుతాడు. రెండు నెలల్లో బీనూ చనిపోతుంది. ఆ అబద్ధం బరువు మోయలేక అతను మళ్లీ బిలాస్‌పూర్ వచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఆమె ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆ కావ్యాన్ని స్టేషన్‌లో ఫలకం మీద పెట్టారు. బళ్ల హడావుడిలో దాని ముందు ఆగేవాళ్లు తక్కువ. ఆగి చదవండి. రైలు ఊరి అట్టడుగున బతికిన కుటుంబాల మీద ఇంతకంటే మనసుపెట్టి రాసింది నేను చూడలేదు.

రుక్మిణికి ఆ పాతిక రూపాయలు దొరికి ఉంటే నగలు ఎక్కడ కొనేది? సదర్ బజార్‌లోనే. రైలు ఊరినీ నది ఊరినీ కలిపి కుట్టిన దారం ఈ బజారే. జీతం పడ్డ వారం కాలనీ కుటుంబాలు ఇటు వచ్చేవి, వస్తున్నాయి. చెట్టు కింద బస్సు దిగిన పల్లెజనమూ ఇటే వస్తారు. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ల వెండి నగలు ఒక ప్రత్యేక లోకం. మెడకు గట్టి కడ్డీలా పట్టుకునే సుతా, పాత రూపాయి బిళ్లలు గుచ్చిన రుపియా మాల, మెలితిప్పిన ఏంఠీ కడియాలు, జబ్బకు పాములా చుట్టుకునే నాగమోరీ, నడుముకు కరధన్, ముక్కుకు ఫుల్లీ. దుకాణదారు తక్కెడలో వెండి పెట్టి తూకం చెబుతుంటే, పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ఆ ఏంఠీని చేత్తో ఒకసారి ఎత్తి చూసి, ముల్లు వంక చూడకుండానే బరువు పట్టేస్తుంది. పక్క గద్దె మీద తెలుగు తల్లి కూతురి పెళ్లికి పుస్తెల నమూనా చూపిస్తుంది. ‘మా వైపు రెండు బిళ్లలుండాలి భయ్యా, మధ్యలో పగడం రావాలి’ అని హిందీలో మొదలుపెట్టి, పక్కన నిలబడ్డ ఆడపడుచుతో ‘వదినా, ఇది పల్చగా లేదూ?’ అని తెలుగులోకి జారుతుంది. ఆ దుకాణాల్లో తరాలుగా కూర్చున్నవాళ్లకు మన పుస్తెల పద్ధతులన్నీ కంఠతా వచ్చు. చాంపా కోసా పట్టు చీర పెళ్లి సామానులో చేరడం ఇక్కడి తెలుగువాళ్ల దగ్గర ఆచారమే అయిపోయింది.

ఇలాంటి నగల బజారే ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలోనూ ఉంది. ఆర్నో నది మీది పాత వంతెన మీద 1593లో అక్కడి ప్రభువు మాంసం కొట్లు తీయించి కంసాలి దుకాణాలు పెట్టించాడు. నాలుగు వందల ఏళ్లు దాటినా అక్కడ ఆ దుకాణాలే ఉన్నాయి. ఆ నగరపు పాత భాగాన్ని 1982లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రపంచమంతా వెళ్లి చూస్తుంది. సదర్ బజార్ వయసు అందులో సగం కూడా లేదు, శిల్పశోభలో పోలికే లేదు. అయినా ఒక వీధి ఒకే వృత్తిని పట్టుకుని, నది పక్కన, తరాల తరబడి మనుషుల పెళ్లిళ్లను మోయడం అక్కడ వారసత్వమైతే ఇక్కడ కూడా వారసత్వమే. అక్కడ దాన్ని రాసిపెట్టుకున్నారు. ఇక్కడ చెక్క బాల్కనీలున్న పాత దుకాణపు ఇళ్లు ఒక్కొక్కటే పడిపోయి అద్దాల షోరూములు లేస్తుంటే ఫొటో తీసి ఉంచినవాళ్లు కూడా కొద్దిమందే.

తిండి సంగతికి వస్తే, తెలుగువాళ్లకు ఈ నేల మొదటి రోజు నుంచీ పరాయిది కాదు. ఇది ధాన్యపు సీమ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినే బోరే బాసీ మన చద్దన్నమే. పండగకు బియ్యప్పిండీ బెల్లమూ పాకం పట్టి చేసే అయిరసా మన అరిసె. పుష్య పూర్ణిమకు ఛేర్‌ఛేరా అని పిల్లలు ఇంటింటికీ తిరిగి వడ్లు అడుగుతారు. సంక్రాంతి నెలలో హరిదాసుకు గుమ్మడికాయ గిన్నెలో బియ్యం పోసిన ఉత్తరాంధ్ర ఇల్లాలికి ఆ పిల్లల సంచిలో గుప్పెడు పోయడం కొత్తగా అనిపించి ఉండదు. దేవ్ ఉఠనీ ఏకాదశి తరవాత రావత్ యాదవులు గవ్వలు కుట్టిన చొక్కాలతో, కర్రలతో ఊళ్లోకి దిగుతారు. 1978 నుంచి ఆ రావత్ నాచ్ పెద్ద పోటీగా జరుగుతోంది. డోలూ సన్నాయీ మోగుతుంటే చూస్తున్న తెలుగు ముసలాళ్లకు తమ ఊరి కోలాటం గుర్తొస్తుంది.

మనవాళ్లు ఊరికిచ్చినవాటిలో సోలాపురీ మాత పూజ ముందు వరసలో ఉంటుంది. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో, రైల్వే ప్రాంతంలో బారా ఖోలీ దగ్గర పందిళ్లు లేస్తాయి. అమ్మవారు చల్లబడాలని, ఊళ్లో అమ్మోరు పోయకూడదని, ఘటాలెత్తి, వేపాకు కట్టి, పసుపునీళ్లు చల్లుతారు. ఆడవాళ్లు తడిబట్టలతో, మొహాన పసుపు దట్టంగా రాసుకుని, వేపమండలు పట్టి వరసగా నడుస్తారు. డప్పు పట్టాల వైపు నుంచి మొదలై కాలనీ వీధులన్నీ తిరుగుతుంది. ఉత్తరాంధ్ర గ్రామదేవతను గుడి లేని చోట, మామూలు గదుల లైన్ల మధ్య నిలబెట్టుకున్న తల్లుల పని ఇది. ఇప్పుడు ఆ వరసలో ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, ఒడియా ఆడవాళ్లు కూడా ఘటాలెత్తుతారు. మశూచి పోయింది, అమ్మవారు ఉంది. ఖరగ్‌పూర్‌లోనూ తెలుగువాళ్లు ఇలాగే మాత పూజ చేసుకుంటారు. కంపెనీ లైను పొడుగునా ఒక పూజ ప్రయాణించిన తీరు మీద ఇంతవరకు ఎవరూ గట్టిగా పరిశోధించకపోవడం అన్యాయం.

దీనికి తోడు రామనవమి పానకాలు, ఉగాది పచ్చడి, కార్తీకంలో అర్పా ఒడ్డున దీపాలు. ఆంధ్ర సమాజ్ పేరుతో బడి కూడా నడిచింది, నడుస్తోంది. చందాలు వేసుకుని, సెలవురోజు పని చేసి, ఉద్యోగస్థులు నిలబెట్టిన సంస్థలివి.

స్వాతంత్ర్యానికి ముందూ వెనకా మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 1944లో కంపెనీని ప్రభుత్వం తీసుకుంది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. భిలాయి ఉక్కు, కోర్బా బొగ్గు, విద్యుత్తు కలిసి బిలాస్‌పూర్ డివిజన్‌ను సరుకు రవాణాలో దేశంలో ముందుకు తెచ్చాయి. ఆదాయం ఇక్కడ, అధికారం కలకత్తాలో అన్న అసంతృప్తి ఏళ్ల తరబడి రాజుకుని 1996 జనవరిలో స్టేషన్ దగ్గర మంటలై లేచింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. రాజధాని రాయ్‌పూర్‌కు పోయినా హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చింది. 2003 ఏప్రిల్‌లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోను ఇక్కడే ప్రారంభమైంది. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లు దాని కిందికి వచ్చాయి. 2022 ఆగస్టు 15న ఈ జోను 295 వ్యాగన్లను ఒకటిగా తగిలించి మూడున్నర కిలోమీటర్ల పొడుగున ‘సూపర్ వాసుకి’ పేరుతో బొగ్గు బండి నడిపింది. పారతో బొగ్గు విసిరిన ఫైర్‌మన్ మునిమనవడు ఆ బండిని కంట్రోల్ రూములో తెర మీద చూసి ఉండవచ్చు.

ఇంత పొడుగు ప్రయాణంలో నది మాత్రం సన్నబడింది. పేండ్రా దగ్గర పుట్టి శివనాథ్‌లో కలిసే అర్పా, వర్షాకాలం దాటితే ఇసుకగా మిగులుతోంది. ఇసుక తవ్వకాలు, ఊరి మురుగు దాన్ని పీల్చేశాయి. రాష్ట్ర గీతంలో మొదట వచ్చే నది పేరు దానిదే. నదిని బతికించడానికి బ్యారేజీలూ, నదితీరపు రోడ్లూ కడుతున్నారు. కాంక్రీటు గట్టు నదికి బదులవుతుందా అన్నది బిలాసా ఊరివాళ్లు పట్టుబట్టి అడగాల్సిన ప్రశ్న.

రైలు ఊరు కూడా రూపు మారుతోంది. పాత క్వార్టర్లు పడగొట్టి బహుళ అంతస్తులు కడుతున్నారు. అమృత్ భారత్ పథకం కింద స్టేషన్ కొత్త ముఖం తొడుక్కుంటోంది. రిటైరైన తెలుగు కుటుంబాల్లో కొన్ని విశాఖ వెళ్లిపోయాయి, ఎక్కువ భాగం ఇక్కడే తోర్వా, హేమూనగర్ వైపు ఇళ్లు కట్టుకున్నాయి. నాలుగో తరం పిల్లలు ఇంట్లో అమ్మమ్మతో గలగలా తెలుగు మాట్లాడతారు. ఆ తెలుగులో శ్రీకాకుళం యాస, ఛత్తీస్‌గఢీ ‘గా’ దీర్ఘాలు, రైల్వే మాటలు కలిసిపోయి వినడానికి ఎంతో బావుంటుంది. చేతికి తెలుగు పుస్తకమిస్తే మాత్రం తిరగేసి బొమ్మలు చూస్తారు. అక్షరం హిందీకి, ఇంగ్లీషుకు పోయింది.

కాబట్టి చేయవలసిన పనులు కళ్లెదుటే ఉన్నాయి. గ్యాంగ్‌మన్‌గా చేరిన తాత సర్వీసు పుస్తకం, ప్రావిడెంట్ ఫండ్ కాగితం, ఆవిరి ఇంజను ముందు నిలబడి తీయించుకున్న ఫొటో, సోలాపురీ మాత పూజ మొదటి చందా పుస్తకం ఇంకా కొన్ని ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. క్వార్టరు ఖాళీ చేసే రోజున అవి చిత్తుకాగితాల బండికి పోకముందే ఆంధ్ర సమాజ్ వాళ్లు ఇంటింటికీ తిరిగి నకళ్లు తీయాలి. తొంభై ఏళ్లకు దగ్గరైన మాజీ ఫైర్‌మన్లు, వాళ్ల ఇల్లాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఇప్పుడు ఒక ఫోను చాలు. రాఘవేంద్రరావు సభాభవనం గోడ మీద హిందీ పక్కన తెలుగులో కూడా ఒక ఫలకం పెట్టమని నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వాలి. ఆ ఫలకం మీది అక్షరాలు చదవడం నేర్పే సాయంకాలపు తరగతి ఆంధ్ర సమాజ్ బడి వరండాలోనే మొదలుపెట్టవచ్చు. గది ఉంది, పిల్లలున్నారు, చెప్పగల రిటైరైన పంతులమ్మలు కాలనీలోనే ఉన్నారు.